ఆఖరివాడి గ్లాసు

అక్క పోయిందన్న కబురు నాకు కంపెనీ బస్సులో తెలిసింది. అహ్మదిలో షిఫ్టు దిగి, సీటుకు తల ఆనించి కళ్లు మూసుకోబోతుంటే ఫోను మోగింది. చేసింది అక్క ఊరివాడే, ఆమె పనిచేసే రుమైథియాలోనే పక్క వీధి ఇంట్లో డ్రైవరు. "అన్నా, అక్క ల్యాదు. పొద్దున వంటింట్లోనే కూలబడిందంట. ఆస్పత్రికి పొయ్యేలోపలే అయిపోయింది" అన్నాడు. నేను "ఆహా" అన్నాను. అలాంటి మాటకు ఆహా అనడమేమిటని ఫోను పెట్టేశాక అనిపించింది. బస్సులో మిగతావాళ్లు నిద్రపోతున్నారు. కిటికీ అవతల దుమ్ము లేస్తోంది. ఏడుపు రాలేదు గానీ ఒళ్లంతా నీరసం ఆవరించింది. అది ఇంకా పూర్తిగా వదల్లేదు.

ఆమె నాకు తోడబుట్టింది కాదు. ఆమెది అన్నమయ్య జిల్లా, మాది కోనసీమ. ఆమె రుమైథియాలో ఒక కువైటీల ఇంట్లో వంట చేసేది, నేను అహ్మదిలో పంపులు బాగుచేస్తాను. మామూలుగా అయితే ఈ కువైట్‌లో మేమిద్దరం ఎదురుపడే అవకాశమే లేదు. ఏటా చలికాలం ఒక శనివారం పొద్దున సముద్రం రోడ్డు మీద జరిగే మారథాన్ మమ్మల్ని కలిపింది. ఆ పరుగు గురించి పత్రికల్లో రాసేవాళ్లు ఎవరు మొదట వచ్చారో రాస్తారు. నాకు తెలిసిన చరిత్రంతా వెనక నుంచి చూసిందే, ఎందుకంటే నేను దాదాపు ఎప్పుడూ ఆఖర్నే వచ్చాను.

మొదటి ఏడు పరిగెత్తినవాళ్లు కొద్దిమంది. ఎక్కువగా తెల్లవాళ్లు, మిగతావాళ్లం కంపెనీల్లో పనిచేసే నాలాంటివాళ్లం. డాక్టరు షుగరు వచ్చిందని భయపెడితే నేను పేరిచ్చాను. రోడ్డు ఆపిన పోలీసాయనకు మమ్మల్ని చూస్తే విడ్డూరంగా ఉంది. "ఎవరు తరుముతున్నారు మిమ్మల్ని?" అని అరబ్బీలో అడిగి తనే నవ్వుకున్నాడు.

దారిలో నీళ్లిచ్చే బల్లల్లో ఒకటి, దాదాపు చివరిది, మన తెలుగువాళ్లకు అప్పజెప్పారు. నీళ్లివ్వడమంటే మనవాళ్లకు తెలిసింది చలివేంద్రమే. పొద్దున్నే వచ్చి బల్ల మీద తెల్లటి గుడ్డ పరిచారు, పక్కన నాలుగు కుర్చీలు వేశారు, గదుల్లోంచి స్టీలు గ్లాసులన్నీ పోగేసుకొచ్చి అంచుదాకా నీళ్లు నింపి వరసగా పెట్టారు. సగం గ్లాసు ఇస్తే మర్యాద కాదు గదా. ఆ వారం అక్క పనిచేసే ఇంటివాళ్లు ఊరికెళ్లారు, అందుకని ఆమె కూడా సాయానికి వచ్చింది. పరిగెత్తేవాళ్లు రానే వచ్చారు. ఒక్కడూ ఆగలేదు, ఒక్కడూ కూర్చోలేదు. చేతికందిన గ్లాసు లాక్కుని, సగం నీళ్లు మీద పోసుకుని, గ్లాసుతో సహా వెళ్లిపోయారు.

"గ్లాసు! ఓ దొరా, గ్లాసు!" అంటూ అక్క చున్నీ నడుముకు చుట్టుకుని ఒక ఆరడుగుల తెల్లాయన వెంటపడింది. ఆయన ఆమెను చూసి తనను ఉత్సాహపరుస్తోందనుకుని ఇంకా జోరు పెంచాడు. చాలా దూరం పోయాక రోడ్డు పక్కకు గ్లాసు విసిరేశాడట. మనవాళ్లు ఆ పూటంతా రోడ్డు పొడుగునా సొట్టలు పడ్డ గ్లాసులు ఏరుకున్నారు. ఏ నీళ్ల బల్ల దగ్గరా అలాంటి ఘనకార్యం జరిగి ఉండదు.

ఈ తతంగమంతా అయ్యాక నేను చేరాను. కాళ్లు పట్టేశాయి, నోరు ఎండిపోయింది. అక్క చేతిలో ఒకే ఒక్క గ్లాసు, సొట్టది. ఇవ్వాలా వద్దా అన్నట్టు నా మొహం చూసింది. నాకు పరిగెత్తే ఓపిక ఎక్కడిది? నిలబడి, గటగటా మొత్తం తాగి, గ్లాసు ఆమె చేతికే ఇచ్చాను.

"ఇంతమందిలో నువ్వొక్కడే నాయనా, మనిషి మాదిరి నిలబడి తాగినావు" అంది. తర్వాత రోడ్డు వైపు చూస్తూ అడిగింది. "నీ యెనకాల ఇంకెవరన్నా ఉండారా?"

"ఇద్దరున్నారండి అక్కా. నడిచొస్తున్నారు."

"అయితే ఉండనీ బల్ల" అని సర్దుతున్నవాళ్లతో అంది.

మరుసటి ఏడు నుంచి కాగితం కప్పులు వచ్చాయి. సగమే నింపాలని నిర్వాహకులు మరీ మరీ చెప్పారు. అక్క సగమే నింపేది, మనసొప్పక గొణుక్కుంటూనే. అయితే తన సంచిలో ఆ సొట్ట గ్లాసు తెచ్చుకునేది. అది ఆఖరివాడికి. అందరూ పోయాక, బల్ల మీద గుడ్డ తీసేశాక, ఆఖరున వచ్చేవాడికి ఆ గ్లాసులో అంచుదాకా నీళ్లు. నాకు ముందు రావడం ఎలాగూ చేతకాదు గనక చాలా ఏళ్లు ఆ గ్లాసు నాదే అయింది. ఒక్కోసారి నా వెనక ఇంకొకరు ఉండేవాళ్లు. ఆమె అడిగినప్పుడు నిజం చెప్పేవాణ్ని, ఆ ఏడు నాకు కాగితం కప్పే దక్కేది.

"ఎందుకండి అక్కా, ఎవరో తెలియనివాళ్ల కోసం ఇంతసేపు నిలబడతారు?" అని ఒకసారి అడిగాను.

"ఏమప్పా, ఊరికే అండి అండి అంటావు, నేనేమన్నా కలెక్టరునా?" అని ముందు నన్ను ఆటపట్టించింది. ఆ తర్వాత అంది. "ఇంట్లో అడిగితే నీళ్లిస్తా. మామా పిలిస్తే పోతా, బాబా పిలిస్తే పోతా. ఈడ ఎవరూ అడగకముందే ఇస్తా. సంవత్సరానికి ఈ ఒక్క పొద్దు నాది నాయనా."

ఆమె వారం సెలవు శుక్రవారం. పరుగు శనివారం. ఆ ఒక్క పొద్దు ఎంత కష్టపడి సంపాదించుకుందో చదివేవాళ్లకు చెప్పాలి. ఒక ఏడు మామా ఒప్పుకోలేదు. మామా అంటే ఆ ఇంటి పెద్దావిడ, బాబా అంటే పెద్దాయన. చెడ్డమనిషని అక్క ఎప్పుడూ అనలేదు, ఆ రోజు చుట్టాలొస్తున్నారు, అంతే. నేను ఆ బల్ల దగ్గరికి చేరేసరికి అక్కడ బల్లా లేదు, మనుషులూ లేరు. తడిసిన కప్పులు మాత్రం గాలికి దొర్లుతున్నాయి. నాలిక పిడచకట్టుకుపోయి, ఆ మిగిలిన దూరం ఎలా నడిచానో నాకే తెలియదు. సాయంత్రం ఆమె ఫోను చేసింది.

"నిలబడినారా ఎవరన్నా?"

"లేదండి."

వెనకాల గిన్నెల చప్పుడు వినిపించింది. "సర్లే. వచ్చే యేడు చూస్తా" అని పెట్టేసింది.

చూసింది కూడా. రంజాన్ పండక్కి తనకిచ్చే సెలవు వదులుకుంటానని మామాతో బేరం పెట్టుకుంది. పండగ రోజులన్నీ వంట తనే చేస్తుంది, బదులుగా మారథాన్ శనివారం పొద్దున తనను వదిలిపెట్టాలి. ఈ దేశంలో వంటింట్లో నిలబడే మనిషికి పండగ సెలవంటే ఏమిటో తెలిసినవాళ్లకు ఆ బేరం విలువ తెలుస్తుంది. మామాకు అది పిచ్చిగా తోచిందట. అయినా సరేనంది. అప్పటినుంచి ప్రతి ఏడూ అదే ఒప్పందం.

కరోనా ఏడు పరుగే లేదు. రోడ్లు ఖాళీ, అందరం గదుల్లో. ఆ శనివారం పొద్దున ఆమె దగ్గర్నుంచి ఫోను. "ఉరుకుడు ల్యాదంట కదా ఈ యేడు. తెల్లారకముందే మెలకువొచ్చింది. ఏం చేసేది? గ్లాసు తోముతాండా" అంది. ఇద్దరం నవ్వాం. ఆ ఏడు నేను నవ్విన సందర్భాలు చాలా తక్కువ.

తర్వాత పరుగు పెద్దదైంది. బూట్లకు చిప్పులు, మైకులో పాటలు, నీళ్ల బల్లలకు గుడారాలు, అందరికీ ఒకే రంగు టీషర్టులు. కువైటీ ఆడపిల్లలు హిజాబు కట్టుకుని పరిగెత్తడం మొదలుపెట్టారు, పిల్లల బండ్లు తోసుకుంటూ చివరి అయిదు కిలోమీటర్లు మాత్రం నడిచేవాళ్లు వచ్చారు. అక్క పంజాబీ డ్రెస్సు మీద ఆ టీషర్టు వేసుకుని, "ఇంతమంది ఉరికితే ఆఖరోడు ఎవడో ఎట్ల తెలిసేదప్పా?" అని బెంగపెట్టుకునేది. నేను మాత్రం ఏటికేడు ఇంకా నిదానమయ్యాను. మోకాళ్లు అరిగాయి. ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కాగితం కొట్టించుకోవడం, షిఫ్టుకు వెళ్లడం, వచ్చి పడుకోవడం, ఇదే బతుకైపోయిన చోట ఈ పరుగొకటి ఎందుకు తగిలించుకున్నానా అని ప్రతి ఏడూ సగం దారిలో విసుక్కునేవాణ్ని. అయినా ముందు ఆ బల్ల ఉంటుందని తెలుసు గనక కాళ్లు కదిలేవి.

పోయినేడు ఆమె కుర్చీలో కూర్చుని కనిపించింది. అంతకుముందెప్పుడూ కూర్చోలేదు. చీలమండలు వాచి ఉన్నాయి. డాక్టరుకు చూపించుకోండి అక్కా అన్నాను. "పోతా లే, పండగ పోనీ. ఆ వంట నాది కదా" అంది. రెండో చెయ్యి కూడా పట్టి గ్లాసు అందించింది, చుక్క ఒలకలేదు.

ఆమెను ఊరికి పంపే కాగితాల పని అయ్యాక, ఆమె సామాను తీసుకోవడానికి డ్రైవరుతో పాటు నేనూ రుమైథియా వెళ్లాను. మామాను చూడటం నాకదే మొదటిసారి. ముసలావిడ, కళ్లు ఉబ్బి ఉన్నాయి. పెట్టె కట్టి పెట్టారు. వంటింట్లోంచి ఆవిడ ఒక గ్లాసు పట్టుకొచ్చింది, అక్క గ్లాసు.

"ష్నూ హాదా?" అంది. ఏమిటిది అని. ఇంట్లో ఎవరూ దీంతో తాగరు, ఆమె కూడా తాగేది కాదు, ఎవరినీ ముట్టనిచ్చేది కాదు, ఎందుకిది అని అడిగింది.

నాకొచ్చిన అరబ్బీలో చెప్పాను. రోడ్డు, బల్ల, ఆఖరివాడు. ఆవిడ అంతా విని, "శనివారం పొద్దున దీనికోసమా వెళ్లేది?" అంది. తర్వాత, "ఈ ఏడు ఎప్పుడు?" అంది. చెప్పాను. గ్లాసు పెట్టెలో పెట్టలేదు, చేతిలోనే ఉంచుకుంది. మేం పెట్టె తీసుకుని వచ్చేశాం.

ఈ ఏడు వెళ్లకూడదనే అనుకున్నాను. పేరు ముందే ఇచ్చాను గనక వెళ్లాను, ఇంతకన్నా గొప్ప కారణం చెప్పలేను. దుమ్ము పట్టిన పొద్దు. సముద్రం కూడా మసకగా ఉంది. చాలా చోట్ల నడిచాను. అందరూ నన్ను దాటిపోయారు, పిల్లల బండ్లతో సహా. మనవాళ్ల బల్ల ఉండే మలుపు తిరిగేసరికి గుడారం విప్పేశారు. ఇద్దరు కుర్రాళ్లు నీళ్ల పెట్టెలు లారీలోకి ఎక్కిస్తున్నారు. ఒకడు నా చేతిలో సీసా పెట్టి, "యల్లా భాయ్, ఖలాస్" అన్నాడు, పద, అయిపోయిందని. మంచివాడే, పాపం. కానీ అడగలేదు. నా వెనక ఇంకెవరన్నా ఉన్నారా అని ఎవరూ అడగలేదు. అప్పుడు, బస్సులో రాని ఏడుపు, ఆ రోడ్డు మీద వచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాను.

అడిగేవాళ్లు లేరు గనక నేనే వెనక్కి తిరిగి చూశాను. దూరంగా ఒకరు వస్తున్నారు. ఒంటినిండా నల్ల అబాయా, కింద తెల్ల బూట్లు. చాలా మెల్లగా, ప్రతి నాలుగడుగులకూ ఆగుతూ. లారీ వెళ్లిపోయింది. నేను సీసా మూత తియ్యకుండా నిలబడ్డాను. నాకూ దాహంగానే ఉంది.

దగ్గరికొచ్చాక చూస్తే మామా. అయిదు కిలోమీటర్లు నడిచేవాళ్లతో కలిసి వచ్చి, అందరికన్నా వెనకబడిపోయింది. నన్ను గుర్తుపట్టింది. చేతి సంచిలోంచి గ్లాసు తీసి నా ముందు పట్టింది.

నింపాను. అంచుదాకా. రెండు చేతులతో ఇచ్చాను. ఆవిడ అక్కడే నిలబడి, మెల్లగా మొత్తం తాగింది. కాస్త గడ్డం మీద కారింది, తుడుచుకోలేదు. గ్లాసు మళ్లీ నా చేతికే ఇచ్చింది.

"మీ వెనకాల ఇంకెవరన్నా ఉన్నారా?" అని అడిగాను.

ఆవిడ వెనక్కి తిరిగింది. ట్రాఫిక్ వదలడానికి బారికేడ్లు తీస్తున్న పోలీసులు తప్ప రోడ్డంతా ఖాళీ. అది ఇద్దరికీ కనిపిస్తూనే ఉంది. అయినా ఆవిడ అటే చూస్తూ నిలబడిపోయింది. నేను సీసాలో మిగిలిన నీళ్లు గ్లాసులో పోసి పట్టుకుని, ఆవిడ పక్కన నిలబడ్డాను.