సముద్రం లేని ఆల్బం

ఫొటోలు అంటించుకునే పాత ఆల్బంలో పేజీ మీది పల్చని ప్లాస్టిక్ కాగితం లేపితే చిర్రుమని ఒక చప్పుడు, దాంతోపాటు ఒక వాసన వస్తాయి. కొంచెం జిగురు, కొంచెం డాంబరు గోళీలు, ఎప్పుడో వానకు తడిసి ఆరిన అట్ట వాసన. నిన్న పొద్దున ఫోను మంచం మీద పడేసి బీరువా అడుగు అర నుంచి ఆ ఆల్బం బయటికి లాగేసరికి ఆ వాసన తగిలింది, వెంటనే నాలో ఎప్పుడో చల్లారిందనుకున్న కడుపుమంట కూడా లేచి కూర్చుంది.

దానికి కారణం స్వరూప పెట్టిన మెసేజీ. స్వరూప మా పక్కింటి పిల్ల. కొత్తగూడెంలో బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లలో మాకూ వాళ్ళకూ నడుమ ఒకటే గోడ. ఆ లైనులో పెరిగిన పిల్లలమంతా ఇప్పుడు తలో ఊళ్ళో స్థిరపడి, ఫోనులో ఒక గ్రూపు పెట్టుకున్నాం. పేరుకది అందరి గ్రూపు గానీ నిజానికి స్వరూప ఆల్బం. కాశ్మీరు పూలతోటలో స్వరూప, రాజస్థాన్ ఒంటె మీద స్వరూప, ఆమె ఊలుతో అల్లిన ఏనుగు, పాత గాజులతో చేసిన గోడ గడియారం, డాబా మీద కుండీలో కాయించిన డ్రాగన్ పండు, లాంచీ మీంచి తీసిన పాపికొండల పొద్దుగూకడం. అన్నిటికీ చప్పట్ల బొమ్మ పెడతాను, పెట్టి పళ్ళు నూరుకుంటాను. నేనుండేది అశ్వారావుపేటలో. మొన్న మంచు పట్టిన పామాయిల్ తోట ఎంతో ముచ్చటగా కనిపిస్తే ఫొటో తీసి నేను కూడా పెట్టాను. ఒకాయన దాని కింద గుడ్ మార్నింగ్ అన్నాడు, అంతే.

నిన్నటి మెసేజీలో మాత్రం పూలూ ఒంటెలూ లేవు. "మా బాపు వయసుల ఉన్నప్పటి ఫొటో ఎవరి దగ్గరన్న ఉందా? సంవత్సరీకానికి పెద్దది చేపియ్యాలె. ఇంట్ల అటక నిండ ఆల్బంలున్నయ్, ఒక్కదాంట్ల బాపు లేడు. అన్ని ఆయన తీసినయే." పేరు పెట్టి నన్నడగలేదు. అయినా ఎవరినడిగిందో ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. ఆ ఫొటో నా దగ్గరుంది, ఇయ్యబుద్ధి కాలేదు. ఎందుకో చెప్పాలంటే మా లైను దగ్గరికి పోవాలి.

మా లైనుకు ఎండాకాలం ఇప్పపూల వాసనతో వచ్చేది. అడవి పక్క ఊళ్ళ నుంచి కోయ ఆడవాళ్ళు తునికి పండ్లు, మొర్రి పండ్లు గంపల్లో తెచ్చి గడప గడపకూ దించేవారు, మేం పండు తిని గింజలు చొక్కా జేబుల్లో దాచుకునేవాళ్ళం. వానాకాలం వస్తే ఏ ఇంటి ముందు నడిచినా మక్క గారెలు వేగుతున్న నూనె వాసన, బతుకమ్మ నాటికి వెనక గుట్టలో పిల్లలు కోసుకొచ్చిన గునుగు పూలు, సాయంత్రమైతే ప్రతి వాకిట్లో రాజుకునే బొగ్గు పొయ్యిలు, ఆ పొగ లైను మొత్తం మీద దుప్పటిలా పరుచుకుంటే దాని కిందే మా దాగుడుమూతలు. ఉతికి ఆరేసిన తెల్లబట్ట తెల్లగా లోపలికి వచ్చిన ఇల్లు ఆ లైనులో లేదు.

ఇన్నిటినీ మించిన పండుగ మాకింకొకటి ఉండేది, అది ఆల్బం పండుగ. కొన్నేళ్ళకొకసారి కార్మికుడు పెళ్ళాం పిల్లలతో దేశం తిరిగి రావడానికి కంపెనీ ఖర్చులిచ్చి సెలవిచ్చేది, దాన్ని అందరూ ఎల్టీసీ అనేవారు. ఎల్టీసీ పోయొచ్చిన ఇంటివాళ్ళు లైనంతటికీ ప్రసాదం పంచాలి, ఫొటోలు కడిగించి తెచ్చాక ఒక ఆదివారం మధ్యాహ్నం, అందరూ మాంసం కూర తిని తీరిక పడ్డాక, వసారాలో చాప పరిచి ఆల్బం చూపించాలి. ఎవరు పెట్టిన ఆచారమో తెలియదు గానీ తప్పిన ఇల్లు లేదు.

స్వరూప వాళ్ళ ఆల్బమైతే లైనుకు లైనే కదిలేది. వాళ్ళ బాపు మొగిలి మామ వర్క్‌షాపులో ఫిట్టరు, చేతికి క్షణం తీరిక ఉంటే ఏదో ఒకటి చేయకుండా ఉండలేని మనిషి. కొబ్బరి చిప్పతో కోతిని చేశాడు, థర్మోకోలుతో తాజ్‌మహల్ కట్టి లోపల చిన్న బల్బు పెట్టాడు. అన్నిటికన్నా ముఖ్యం, లైను మొత్తంలో సొంత కెమెరా ఉన్నది ఆయనకే. తోలు సంచిలో ఉండే ఆ కెమెరాకు సెల్లు అక్కర్లేదు, ప్రతి ఫొటోకూ వేలితో మీట తిప్పాలి. దాంతో ఆయన ఊటీ తెచ్చాడు, మైసూరు తెచ్చాడు, ఎర్రకోట తెచ్చాడు, ప్రతి దాని ముందూ జడలు ముందుకేసుకుని స్వరూప. మేం చాప మీద కూర్చునే ముందు ఆ స్వరూపే గడపలో నిలబడి అందరి చేతులూ చూసేది.

"చేతులు సూపెట్టు. బొగ్గుంటే ఆల్బం ముట్టనియ్య."

సబ్బుతో రుద్ది రుద్ది వచ్చినా నా గోళ్ళలో ఎక్కడో ఒక నల్లగీత దొరికేది. నన్ను రెండో వరసలో కూర్చోబెట్టేది. పేజీ తిప్పే హక్కు ఆమె ఒక్కదానిదే. నాకు ఊటీ మీద ఆశ లేదు, ఎర్రకోట మీద ఆశ లేదు, ఆ పేజీ తిప్పడం మీద ఉండేది. అందరూ మెడలు చాచి చూస్తుంటే తీరిగ్గా ప్లాస్టిక్ కాగితం సవరిస్తూ, ఇంకా చూడనివాళ్ళను కాసేపు ఊరించి, అప్పుడు తిప్పడం. ఇంటికొచ్చి పాత లెక్కల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఒక్కదాన్నే తిప్పి చూసుకునేదాన్ని.

మాకు మాత్రం ఎల్టీసీ అంటే ఏన్కూరు. అక్కడ మా మేనత్త ఇల్లు, మిరప తోట. మా నాయిన రాములు బాయిలో బొగ్గు ఎత్తే పని చేసేవాడు, సెలవు దొరికిందంటే చాలు మిరపతోటలో మంచమేసుకుని ఆకాశం చూస్తూ పడుకునేవాడు. మేం ఫొటో తీయించుకుందామన్నా అక్కడ బర్రెలు తప్ప వెనక నిలబెట్టడానికి ఏమీ లేదు. పొరుగింటి పుల్లకూర రుచి అని అమ్మ నన్ను దెప్పేది గానీ, ఆమె కూడా ఊటీ ఫొటోలు చూసొచ్చిన రోజు అన్నం గిన్నెలు కొంచెం గట్టిగానే పెట్టేది.

ఒక ఏడు నేను తిండి మానేసి మూలకు కూర్చున్నాను. నాయిన రెండు పూటలు చూసి, నా పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"కన్యాకుమారి అంటే భూమి అయిపోయే జాగనట. రోజూ భూమి కిందికి పోవుడే గని అంచు ఎన్నడు సూడలె. పోదాం పట."

మొగిలి మామ అడగకముందే కెమెరా ఇచ్చాడు. ఇవ్వడమే కాదు, మమ్మల్ని రైలెక్కించడానికి స్టేషన్‌దాకా వచ్చి, ప్లాట్‌ఫారం మీద కెమెరా నా మెడలో వేశాడు. మా ఊరి స్టేషన్‌కు భద్రాచలం రోడ్ అని పేరు, ఆ బోర్డు కింద ఆయనే నిలబడి, చెయ్యెత్తి చూపుడువేలితో గాలిలో బటన్ నొక్కి చూపించాడు. "మొదటిది ఉత్తగనే కొట్టు బిడ్డా, చెయ్యి కుదురుకుంటది. ఊపిరి బిగవట్టి మెల్లగ ఒత్తు." నేను ఒత్తాను. ఒత్తి, మా రీలులో మొదటి ఫొటో కూడా వాళ్ళకే పోయిందని తిరుపతి దాటేదాకా ఏడుపు మొహంతో కూర్చున్నాను.

సముద్రం దగ్గర నాయిన చిన్నపిల్లాడైపోయాడు. లుంగీ పైకి కట్టి, అల వస్తే వెనక్కి ఉరికి, పోతే దాని వెంట ఉరికి, పొద్దు పొడుస్తుంటే రెండు చేతులూ పైకెత్తి నోరు తెరిచి నిలబడిపోయాడు. బాయి నుంచి వచ్చినప్పుడు కాటుక పెట్టినట్టుండే ఆయన కళ్ళు ఆ ఎండలో తేనెరంగులో ఉంటాయని నాకు ఆ రోజే తెలిసింది. అన్నీ తీశాను. ఏ ఫొటో ఏ పేజీలో అంటించాలో, ఏది చూపే ముందు ఎంతసేపు ఆగాలో, స్వరూపను ఎన్నో వరసలో కూర్చోబెట్టాలో రైల్లోనే అనుకుని పెట్టుకున్నాను.

తిరుగు ప్రయాణంలో మీట బిగుసుకుపోయింది, ముందుకు రాదు వెనక్కి పోదు. మా ఊరి స్టూడియో ఆయన కెమెరా అటూ ఇటూ తిప్పి చూసి, పూర్తి చీకట్లో తెరిచి రీలు తీయాలి, వెలుతురు తగిలితే ఫొటోలు పోతాయి, ఇక్కడ పెట్టి పొమ్మన్నాడు. నాయిన ఆయన చీకటి గదిని తొంగి చూసి బయటికొచ్చేశాడు.

"తలుపు సందుల నుంచి ఎండ కనవడుతంది, గదొక చీకటేనా? చీకటి సంగతి నాకు చెప్తడా ఏంది?"

మరునాడు పొద్దటి షిఫ్టుకు కెమెరాను సద్ది గిన్నెల అడుగు గిన్నెలో పెట్టి, రీలు చుట్టడానికి అమ్మ నల్ల రవిక ఒకటి నడుముకు కట్టుకుని నాయిన బాయిలోకి దిగాడు. గేటు దగ్గర బీడీలకూ అగ్గిపెట్టెలకూ వెతుకుతారు గానీ పులుసు గిన్నె మూత ఎవరు తీస్తారు. బువ్వ వేళ అందరికీ దూరంగా ఒక మూలకు పోయి, బండకు ఆనుకుని కూర్చుని, తల మీది దీపం ఆర్పాడు. కళ్ళు మూసినా తెరిచినా ఒకటే అయ్యే ఆ చీకట్లో కెమెరా వెనక మూత తెరిచి, వేళ్ళతో తడుముతూ రీలు విప్పడం మొదలుపెట్టాడు.

బాయిలో ఒక మనిషి దీపం ఆరిందంటే ఊరికే ఆరిందని ఎవరూ అనుకోరు. పైకప్పు ఊడిపడ్డదనుకుంటారు, గాలి అందక పడిపోయాడనుకుంటారు. రాములన్న దీపం కనిపిస్తలేదని ఒకరు కేకేస్తే బువ్వ వదిలేసి అంతా ఉరికొచ్చారు. అక్కడ ఎటు చూస్తే అటే వెలుతురు పడుతుంది, నెత్తి మీది దీపం కంటితోపాటే తిరుగుతుంది కాబట్టి. మా నాయిన మొహం మీద, చేతుల మీద, ఒళ్ళో సగం విప్పిన రీలు మీద ఆ దీపాలన్నీ ఒక్కసారే పడ్డాయి. "ఏమైంది రాములన్నా, ఏమైంది?" అని భుజాలు పట్టి ఊపుతుంటే నాయిన నడుముకున్న రవిక లాగి రీలు మీద కప్పాడట.

సముద్రం పోయింది. పొద్దుపొడుపు పోయింది, అమ్మ తడిసిన చీర కుచ్చిళ్ళు పోయాయి. రీలుకు అన్నిటికన్నా లోపలి చుట్టులో ఉన్న మొదటి ఫొటో ఒక్కటి, అది కూడా సగమే దక్కింది. స్టేషన్ బోర్డు కింద చెయ్యెత్తి నిలబడ్డ మొగిలి మామ, ఆయన పక్క నుంచి కాగితం చివరిదాకా మండుతున్నట్టు నారింజరంగు వెలుతురు.

ఆదివారం రానే వచ్చింది, ఆచారం ఆగదు. లైనంతా వచ్చి చాప మీద కూర్చుంది. స్వరూప అందరికన్నా ముందొచ్చి, కడుక్కున్న రెండు చేతులూ నా మొహం ముందు చాపింది. అమ్మ ప్రసాదం పంచింది. నాయిన జరిగింది చెప్పి నవ్వాడు, అందరూ నవ్వారు, ఉరికొచ్చిన వాళ్ళయితే పొట్టలు పట్టుకున్నారు. ఆ తర్వాత నాయిన లేచి లుంగీ పైకి కట్టి, అల ఎట్లా వస్తుందో ఎట్లా పోతుందో వసారాలో ఉరికి చూపిస్తుంటే నేను వంటింట్లో గోడకు తల ఆనించి నిలబడ్డాను. మొగిలి మామ అదే వంటింటి గడపలోకి వచ్చి, కెమెరా పోతే పోనీ బిడ్డా అన్నాడు. స్వరూప ఆయన వెనకాల నుంచి చెయ్యి చాపి నా చేతిలోని ఫొటో లాక్కుని చూసింది.

"మీ టూరుకు మా బాపు పోయొచ్చినట్టున్నడు గదా. ఇది నాకియ్యి."

ఇయ్య, ఇచ్చేది లేదు అన్నాను. ఆ మాట ఇన్నేళ్ళూ మార్చలేదు.

మా లైను ఇప్పుడు లేదు. ఓపెన్‌కాస్టు తవ్వకం కోసం క్వార్టర్లు పడగొట్టారు, మేం దాగుడుమూతలాడిన జాగాలో ఇప్పుడు పెద్ద గుంత. నాయిన దిగిన బాయి మూసేశారు. ఆయన కూడా పోయాడు. స్టేషన్ బోర్డు ఒక్కటే ఉంది.

నిన్న సాయంత్రందాకా ఆగి, ఆఖరికి ఆ ఫొటోను ఫోనుతో తీసి స్వరూపకు పంపాను. ఎంత ఓర్వలేనిదాన్నయినా చచ్చిపోయిన మనిషిని దాచుకోలేను కదా. ఒక గంటలో గ్రూపులో కొత్త ఫొటో వచ్చింది. నారింజరంగు మంటంతా ఏదో యాప్‌తో తుడిచేసి, ఆ జాగాలో శుభ్రమైన ప్లాట్‌ఫారం, వెనక నీలి ఆకాశం దించింది. మొగిలి మామ ఆ నీలంలో నిగనిగలాడుతున్నాడు. దండాలు, పూలు, కన్నీళ్ళ బొమ్మలు, నేను పెట్టిన ఏ ఫొటోకూ జన్మలో రానన్ని. తర్వాత స్వరూప నాకొక్కదానికే వాయిస్ మెసేజీ పంపింది.

"మస్తు క్లీన్‌గ వచ్చింది సరళా. ఆ కాలిన మచ్చ మొత్తం పోయింది. అసలు ప్రింటు ఉంటే పంపు, ఇంక మంచిగ చేపిస్త. ఒక్క మాట చెప్పనా, ఆ రోజు మీ నాయిన సముద్రం ఆడి సూపిచ్చిండు గదా, ఇంటికి పోయి నేను ఏడ్చిన. మా బాపు ఎన్ని ఊర్లు తిప్పినా కెమెరా ఎన్కనే ఉండె, మాతోని ఎన్నడు ఆడలె."

ఆ ముక్క ఎన్నిసార్లు విన్నానో. ఇన్నేళ్ళకు స్వరూప నన్ను చూసి కుళ్ళుకున్న సంగతి తెలిస్తే ఎగిరి గంతేస్తాననుకున్నాను, అట్లా ఏమీ అనిపించలేదు. ఈ పొద్దున ఫొటోను కిటికీ వెలుతురులో పెట్టుకుని, స్టేషన్ బోర్డునూ మొగిలి మామనూ వదిలేసి, పక్కనున్న ఆ నారింజరంగునే చూస్తూ కూర్చున్నాను. మా నాయిన చచ్చిపోయాడేమోనని బువ్వ వదిలి ఉరికొచ్చిన వాళ్ళ దీపాల వెలుతురు అది, మా ఎల్టీసీలో నాయినది మిగిలింది అదొక్కటే.

ప్లాస్టిక్ కాగితం లేపి, ఫొటోను మళ్ళీ దాని జాగాలో అంటించాను. "ప్రింటు ఇయ్య" అని స్వరూపకు రాసి పంపాను.