బ్యాంకాక్ కేసెట్‌లో ఒక్క మాట

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. చిన్నప్పుడు రాయచోటిలో మా పిన్నికి పూనకం వచ్చి అందరూ దండాలు పెడుతుంటే, నిజమో కాదో చూద్దామని ఆమె పిక్క గిల్లిన దాన్ని. అలాంటి నేను ఈ సంగతి ఇష్టపడి చెప్పడం లేదు. జరిగింది కాబట్టి చెబుతున్నాను.

తొంభైల మొదట్లో ఒమన్‌లోని సహంలో ఒక ఇంట్లో పనిచేసేదాన్ని. ఆ ఇంటి ముసలావిడను పెద్ద మామా అని పిలిచేవాళ్లం. అక్కడ ఇంటి యజమానురాలు ఎవరైనా మాకు మామాయే. నేను చేరిన రెండో ఏడు ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పూర్తిగా పోయింది. తినిపించడం, స్నానం, పక్క మార్చడం అన్నీ నా డ్యూటీయే.

ఆమె కూతురు సాల్మా. తల్లికి ఇష్టం లేని పెళ్లి చేసుకుని ఏడాదిపాటు ఆ గడప తొక్కలేదు. ఇద్దరూ ఇద్దరే, ఒకరిని మించి ఒకరు మొండివాళ్లు. రాజీ పడే లోపే తల్లికి మాట పోయింది.

పెద్ద కొడుకు తల్లిని వైద్యానికి బ్యాంకాక్ తీసుకెళ్తూ నన్నూ రమ్మన్నాడు. బయల్దేరే రోజు పొద్దున సాల్మా నిండు కడుపుతో వచ్చింది. తల్లి నుదుటి మీద ముద్దు పెట్టి, "సమూహా, ఉమ్మీ" అంది. అమ్మా, నన్ను క్షమించు అని. క్షమించేవాళ్లు "మస్మూహా" అంటారు.

కొత్తలో మత్రా బజారులో భుజాలు తగిలిన వాళ్లందరూ సమూహా సమూహా అంటుంటే, జన సమూహం ఎక్కువైందని తెలుగులో విసుక్కుంటున్నారా అనుకున్నాను. ఆ మాట తలచుకుని చాలాసార్లు నవ్వుకున్నాను. ఆ పొద్దున మాత్రం నవ్వు రాలేదు. పెద్ద మామా పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. తర్వాత మొహం గోడ వైపు తిప్పుకుంది. కోపమో, చెప్పలేని బాధో తెలియలేదు. సాల్మా కారు దాకా ఏడుస్తూనే వచ్చింది. అక్కడ అమ్మకు మాట వస్తే ముందు ఆ ఒక్క మాటే అడగమని నా చెయ్యి పట్టుకుంది.

బ్యాంకాక్‌లో దిగగానే నాకు కనిపించింది వాన. రెండేళ్లుగా చుక్క చూడలేదేమో, విమానాశ్రయం బయటే కళ్లనీళ్లు వచ్చాయి. ఆసుపత్రికి చేరడానికి రెండు గంటలు పట్టింది. కార్లు కదలవు, వాటి సందుల్లోంచి మోటారు సైకిళ్లు పాకుతూ పోతాయి. పూలు, కాల్చిన చేపలు, మురుగు, అన్నీ కలిసిన ఒకే వాసన. వీధి మొగల్లో స్తంభాల మీద పిట్టగూడంత చిన్న గుళ్లు. వాటి ముందు ఎర్ర డ్రింకు సీసా, అందులో స్ట్రా. ఆ స్థలంలో ఉండే ఆత్మల కోసమని నర్సు చెప్పింది. ఇక్కడి దయ్యాలకు స్ట్రా కూడా కావాలా అని మనసులో వెక్కిరించాను.

మూడో రోజు నేనొక పాపం చేశాను. ఏడో అంతస్తు కిటికీలోంచి ఊరంతా కనిపిస్తుంటే నాకు కిందికి పోయి చూడాలని ఆత్రం. పెద్ద మామా జావ మింగకుండా నా మీద ఉమ్మేసింది. కోపంతో చెంచా గట్టిగా తోశాను. పెదవి చిట్లి రక్తం వచ్చింది. ఆమే కొరుక్కుందని నర్సుతో అబద్ధం చెప్పాను. పెద్ద మామా నన్నే చూస్తూ ఉండిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఆమెను స్కానింగుకి కింది అంతస్తుకి తీసుకెళ్లారు. కొడుకు వెంట వెళ్లాడు. గదిలో నేనొక్కదాన్నే. తలుపు మూసి ఉంది, టీవీ పెట్టలేదు. నా కూతురికి ఉత్తరాలకు బదులు కేసెట్లు పంపేదాన్ని. కొత్త కేసెట్ కవరు చించి టేప్ రికార్డర్‌లో పెట్టి, కిటికీ దగ్గర కూర్చుని ఊరి గురించి చెప్పాను. కేసెట్ తిరుగుతుంటే నాకు బడి పుస్తకాల మాటలు పుట్టుకొస్తాయి, అదేం రోగమో. "ఈడ ఒకటే వాన పాపా. కిందికి జూస్తే ఎంత జన సమూహమో" అన్నాను. ఆ తర్వాత పడవల గురించి, పళ్ల గురించి చెప్పి ఆపేశాను.

పెద్ద మామా ఆరో రోజున పోయింది. చివరిదాకా ఆమె నోట ఒక్క మాట రాలేదు. ఆ ఆరు రోజులూ కొడుకూ నేనూ పక్కనే ఉన్నాం.

సహంలో ఖననం అయ్యింది. మూడు రోజుల పరామర్శలూ అయ్యాయి. నాలుగో రోజు, ఊరికి పోతున్న మా వైపు ఆమెతో పంపుదామని వంటింట్లో కేసెట్ పెట్టి సరిచూసుకుంటున్నాను. సాల్మా నీళ్ల కోసం వచ్చింది. టేపులో నేను జన సమూహం అన్నాను. ఒక్క క్షణం వాన చప్పుడు. వెంటనే ఇంకో గొంతు, బొంగురుగా, నిదానంగా, "మస్మూహా" అంది.

సాల్మా గ్లాసు పక్కన పెట్టి దగ్గరికి వచ్చింది. మళ్లీ పెట్టమంది. ఏడెనిమిదిసార్లు పెట్టాను. అన్నను పిలిచింది. ఆయన విని, ఇది మా అమ్మ గొంతే అన్నాడు. నేను రికార్డు చేసిన వేళకు అమ్మ తన పక్కనే, స్కానింగు గది బయట ఉందని ఆయనే చెప్పాడు. ఆ గొంతు నాకూ తెలుసు. మొదటి ఏడాదంతా నన్ను కేకలేసిన గొంతు అది.

"అమ్మ నాకు చెప్పింది" అని సాల్మా నన్ను పట్టుకుని ఏడ్చింది. ఇన్నాళ్లకు ఆమె మొహంలో వెలుగు చూశాను. కేసెట్ ఆమెకే ఇచ్చేశాను. పుట్టిన పాపకు తల్లి పేరు పెట్టుకుంది.

లేని మనిషి, లేని గొంతు ఆ టేపులోకి ఎలా వచ్చాయో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. తెలిసినవాళ్లు చెప్పిన కారణాలేవీ పొసగలేదు. అంతకన్నా నన్ను వదలని సంగతి ఇంకొకటి ఉంది. జవాబులో ఎవరి పేరూ లేదు. టేపులో సమూహం అన్నది నా గొంతు. ముందురోజు ఆ పెదవి చిట్లేలా చేసింది నా చెయ్యి.

ఆ మాట సాల్మాకే ఎక్కువ అవసరమని నోరు మెదపలేదు. చెంచా సంగతి సాల్మాకు చెప్పి, ఆమెను కూడా ఒకరోజు సమూహా అడగాల్సింది. అడగకుండానే ఊరికి వచ్చేశాను.