నా కంప్యూటర్‌కు పేరు

ఎల్‌బీ నగర్‌లో నేను పనిచేసిన పార్శిల్ ఆఫీసు బుకింగులన్నీ హెడ్డాఫీసు సర్వర్‌లో ఉండేవి. నల్ల తెర, ఆకుపచ్చ అక్షరాలు, మౌస్‌తో పనే లేదు. లోపలికి పోవాలంటే ప్రతి కంప్యూటర్‌కూ ఆ సర్వర్‌లో ఒక పేరు ఉండాలి. ఒకే పేరుతో రెండో కంప్యూటర్ వస్తే రానివ్వదు.

మూలన పడేసిన పాత కంప్యూటర్‌లో నేను విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించాను. ఆ సర్వర్‌తో మాట్లాడే ప్రోగ్రాం దానికి ఉచితంగానే దొరికింది. ఇక కావలసింది పేరొక్కటే. హెడ్డాఫీసులో సర్వర్ చూసుకునే ఆయనకు ఫోన్ చేస్తే, "ఫ్రీగా వచ్చినదానికి పేరేంటి బాబూ? నీకిచ్చిన దానిమీదే చేసుకో" అన్నాడు. నాకిచ్చినది వైరస్‌లతో రోజంతా మూలుగుతుండేది. బిల్లుల ప్రింటర్ దానికే ఉండడంతో దాని పేరూ ఖాళీ ఉండేది కాదు.

తెలంగాణ కోసం ఊరేగింపులు, బంద్‌లు నడుస్తున్న రోజులవి. సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ రోడ్డుమీద గొంతు పోయేదాకా అరిచి, పొద్దున "పేరియ్యండి సార్" అని బతిమాలడం నామోషీ అనిపించింది. కౌంటర్ కంప్యూటర్ పేరును నా దాంట్లో పెట్టేసుకున్నాను.

కౌంటర్‌లో ఉండే అక్క గుంటూరు నుంచి వచ్చి మలక్‌పేటలో కిరాయికుండేది. బస్సులు ఆగిన రోజు ఆలస్యంగా వచ్చేది. అప్పటికే నేను ఆ పేరుతో లోపల ఉండేవాణ్ణి. ఆమెను సర్వర్ రానిచ్చేది కాదు. నేను మెల్లగా బయటికొచ్చాక రానిచ్చేది. "నా చెయ్యి మంచిది కాదురా తమ్ముడూ" అని ఆమె నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. అది తలచుకుంటే ఇప్పటికీ తల వంగిపోతుంది.

ఒక బంద్ రోజు సర్వర్ అక్కను మళ్ళీ రానివ్వక, కౌంటర్ ముందు జనం పేరుకుపోయారు. సర్వర్ ఆయన స్పీకర్ ఫోన్‌లో మా మేనేజర్‌తో, "ఆవిడకి మెషీన్ చేతకాదండీ. పెద్ద అంబర్‌పేట్ గోదాంకి పంపించేయండి" అన్నాడు. అంత దూరం రోజూ పోవడమంటే అక్క ఉద్యోగం మానుకోవడమే. ఆమె కుర్చీ పట్టుకుని నిలబడిపోయింది.

"ఆమె తప్పు గాదు సార్. ఆ పేరు నేను వాడుతున్న" అన్నాను.

అక్క నావైపు తిరిగింది. "ఇన్నాళ్ళూ నువ్వా? మీ రాష్ట్రం మీకు కావాలని రోజూ అరుస్తావే, నా కంప్యూటర్‌ని కబ్జా చేస్తావా?"

నేను నా కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆమె ముందే ఆ పేరు తీసేశాను.

"ఆ డొక్కుదాన్ని బయట పారెయ్యండి" అంది ఫోన్‌లో గొంతు.

"పారెయ్య. పారేస్తె నన్నుగూడ తీసెయ్యుండ్రి. దానికి పేరియ్యుండ్రి, ఇగ ఎవ్వరికీ అడ్డం రాను."

"కుదరదు."

అప్పుడు అక్క ఫోన్ మీదికి వంగింది. "వీడు దొంగే. వీడి సంగతి నేను చూసుకుంటాను. కానీ అడిగిన రోజే మీరు ఇచ్చుంటే నేనీ మాట పడేదాన్నా? ఇచ్చేదాకా నేనూ కూర్చోను. మా కౌంటర్ కూడా బందేననుకోండి!"

"జర జల్ది ఇయ్యుండ్రి సారూ, నా మామిడిపండ్లు మురిగిపోతయి!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

కాసేపు ఫోన్‌లో కీబోర్డు చప్పుడు వినిపించింది. తర్వాత ఆయన విసుగ్గా కొత్త పేరు చదివాడు. నేను కొట్టాను. నా తెరమీదా, పక్కన ఆమె తెరమీదా ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి.

ఆ తర్వాత అక్క నాతో చాలాకాలం మాట్లాడలేదు. కానీ హెడ్డాఫీసు నుంచి ఎవరైనా వచ్చి నా కంప్యూటర్ మీద చెయ్యి వేయబోతే, కౌంటర్‌లోంచి తల తిప్పకుండానే అనేది: "దానికి పేరుంది. ముట్టుకోకండి."