కత్తెర తీసేసి రాసిన దరఖాస్తు

మా నాయిన పదిహేడేళ్లు సైన్యంలో క్షురకుడిగా పనిచేశారు. బయటికి వచ్చిన తర్వాత లింగంపల్లి స్టేషనుకు దగ్గరలోని ఒక కాలనీలో రెండు కుర్చీల కటింగ్ షాపు పెట్టారు. ఆ షాపు మీదనే నేను చదువుకున్నాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి మనిషిని నేనే. ఇప్పుడు నానక్‌రామ్‌గూడలోని ఒక కంపెనీలో, కొత్తగా చేరేవారి ధ్రువపత్రాలను సరిచూసే విభాగంలో ఉద్యోగం చేస్తున్నాను.

షాపులో నాయినకు ఒక కథ ఉండేది. ఉత్తరపు సరిహద్దున, ఏడాది పొడవునా మంచు కరగని కొండల మీద తాను నాలుగు నెలలు ఉన్నానని చెప్పేవారు. చలికి కత్తెర వేళ్లకు అంటుకుపోయేదట. ఒక్కో తలకు ముందు దాన్ని చంకలో పెట్టుకుని వెచ్చబరిచేవారట. ఈ కథ వినకుండా మా షాపు కుర్చీలోంచి లేచిన గిరాకీ ఉండి ఉండరు. ఎన్నోసారి వింటున్నా, కత్తెర అంటుకుపోయే చోటుకు వచ్చేసరికి నేను కూడా నా వేళ్లు ముడుచుకునేదాన్ని.

ఒక గణతంత్ర దినోత్సవం నాడు, ఖాజాగూడ దగ్గర గేటెడ్ కమ్యూనిటీలో ఉండే ఒక గిరాకీ, మాజీ సైనికులను సన్మానిస్తున్నామని నాయినను పిలిచారు. నేనూ వెంట వెళ్లాను. నాయిన ఇస్త్రీ చేసిన కోటు మీద తన దగ్గరున్న ఒకే ఒక పతకం పెట్టుకున్నారు. అన్నేళ్లు సర్వీసు చేసిన ఎవరికైనా వచ్చే పతకమే అది. జెండా ఎగరేసిన తర్వాత, అక్కడే ఉండే ఒక విశ్రాంత సైనికాధికారి నాయిన దగ్గరికి వచ్చి మర్యాదగానే పలకరించారు.

“మంచుకొండల మీద చేశారని విన్నానండీ. దానికి మరో రెండు పతకాలు రావాలి కదా. పెట్టుకోలేదేం?”

“రాలే సార్. వస్తయన్నరు. రాలే.”

“డిశ్చార్జి బుక్కులో ఎంట్రీ ఉందా?”

“లేదు సార్.”

ఆయన గొంతు తగ్గించారు. “బుక్కులో లేనిది మనం నలుగురిలో చెప్పుకోకూడదండీ. ఏమీ అనుకోకండి.”

పక్కన కాఫీ కప్పుతో నిలబడ్డ మనిషికి ఆ మాట వినబడింది. “అయినా కటింగ్ చేసేవాళ్లని అంత పైకి ఎందుకు ఎక్కిస్తారు సార్? అక్కడ జుట్టు గడ్డకట్టుకుపోదూ?” అన్నాడు. నలుగురైదుగురు నవ్వారు. నాయిన కూడా వారితో కలిసి నవ్వారు. తిరుగు ప్రయాణంలో, షేర్ ఆటోలో ఇరుక్కుని కూర్చున్నాక, ఆ పతకాన్ని కోటు మీది నుంచి తీసి రుమాలులో చుట్టి జేబులో వేసుకున్నారు.

ఆ తర్వాత షాపులో మంచుకొండల కథ వినబడలేదు. పాత గిరాకీ ఒకరు, “ఏంది కాకా, కథ చెప్తలేవు? స్టాక్ అయిపోయిందా?” అని ఆటపట్టించినప్పుడు, “ఇగ ఏం కథలు లే. జర తల దించు,” అన్నారు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. కథ పోయినందుకు కాదు నాకు బాధ కలిగింది. తాను నిజంగా ఉన్నచోట తాను లేనని నాయిన ఒప్పుకున్నట్టయింది.

నాయిన సర్వీసు వివరాలన్నీ ఉండే ఆ డిశ్చార్జి బుక్కు ఆయన్నడిగి తీసుకుని పరిశీలించాను. నాయిన కొండ మీద ఉన్నానని చెప్పే నాలుగు నెలలూ, కింద మైదానంలోని తన సొంత యూనిట్‌లోనే ఉన్నట్టు అందులో రాసి ఉంది. జరిగినదేమిటో ఆయన్నే అడిగి తెలుసుకున్నాను. పైనున్న మరో యూనిట్‌లోని క్షురకుడు జబ్బుపడటంతో నాయినను తాత్కాలికంగా అక్కడికి పంపారు. సైనికుడు ఎక్కడికి కదిలినా యూనిట్ గుమాస్తా దాన్ని ఒక ఆర్డరుగా రాసి రికార్డుల కార్యాలయానికి పంపాలి. ఇక్కడివారు అక్కడివారు పంపుతారనుకున్నారు, అక్కడివారు ఇక్కడివారు పంపుతారనుకున్నారు. చివరికి ఎవరూ పంపలేదు. నాయిన రెండుసార్లు అడిగి, పతకాలు పోస్టులో వస్తాయన్న మాట నమ్మి, ఊరుకున్నారు.

దరఖాస్తు నేనే రాశాను. ఇటువంటి పని నా వృత్తికి దగ్గరిది కాబట్టి కొంత గర్వంగానే రాశానని ఒప్పుకోవాలి. నాలుగు పేజీల ఇంగ్లీషు; ప్రతి పేరాకూ సంఖ్య, ప్రతి పేజీలోనూ నిబంధనల ప్రస్తావన. నాయినకు ఇంగ్లీషు చదవడం అంతగా రాదు. “నువ్వు రాసినవ్ గద బిడ్డా, ఇగ ఫికర్ ఏంది,” అని నేను వేలు పెట్టి చూపిన చోటల్లా సంతకం చేశారు.

ఆ నాలుగు పేజీల్లో ఒక మాట లేదు. నాయిన వృత్తి రాయవలసిన చోట ‘సిపాయి’ అని రాసి ఊరుకున్నాను. అది అబద్ధం కాదు. అయితే పొరపాటు కూడా కాదు. కాలేజీ దరఖాస్తుల్లో తండ్రి వృత్తి అన్న గడిలో ‘మాజీ సైనికోద్యోగి’ అని రాయడం నాకు ఎప్పటి నుంచో అలవాటు. షాపు సంగతి స్నేహితులకు చెప్పలేదు. ఈసారి కూడా, ఒక సిపాయి అడిగితే ఇచ్చినంత గౌరవం క్షురకుడు అడిగితే ఇవ్వరేమోనని నాకు నేను నచ్చజెప్పుకున్నాను.

ఐదు నెలలకు జవాబు వచ్చింది. ఆ కాలంలో ఆ యూనిట్‌కు తాత్కాలికంగా పంపిన సిపాయిల జాబితాలో దరఖాస్తుదారు సర్వీసు నంబరు లేదనీ, ఆధారాలు ఉంటే సమర్పించవచ్చుననీ సారాంశం. ఆ వాక్యాల తీరు నాకు బాగా తెలిసినదే. రోజూ ఎవరో ఒక అభ్యర్థికి, దాదాపు అదే తీరులో, నేనే పంపుతుంటాను. అవతలి మనిషికి అది చదువుతుంటే ఎలా ఉంటుందో మాత్రం అప్పుడే తెలిసింది. రెండోసారి చదివినప్పుడు ‘సిపాయిల జాబితాలో’ అన్న చోట ఆగిపోయాను. క్షురకులు, వంటవారు, చాకలివారు వంటి వృత్తిపనివారిని సైన్యం వేరే జాబితాలో పెడుతుంది. నేను రాసినదాన్ని బట్టి, నాయిన లేని జాబితాలో నాయిన కోసం వెతికారు.

ఆదివారం నాయిన షాపుకు వెళ్లేముందు ఆయనకు ఆ సంగతి చెప్పాను.

“తప్పు నాదే నాయినా. నేను బార్బర్ అని రాయలేదు.”

“మరి ఏమని రాసినవ్?”

“సిపాయి అని.”

“సిపాయినే గద నేను.”

“అవును. కానీ బార్బర్ అన్న మాట ఎక్కడా రాయలేదు.”

“ఎందుకు తీసినవ్?”

నాయిన నా ముఖం చూసి అర్థం చేసుకున్నారు. కోప్పడలేదు. ఆశ్చర్యపోయినట్టు కనిపించారు.

“ఆళ్ల బార్బర్ దవాఖానల పడ్డడని గద నన్ను ఆడికి తోలిండ్రు. కత్తెర తీసేస్తే ఇగ నేను ఆడికి ఎందుకు పోత బిడ్డా? చుట్టపుచూపుగనా?”

వంటగదిలోంచి అమ్మ అందుకుంది. “గంత పెద్ద చదువు చదివి గిదా చేసింది? నేను చదువుకోలే, అయినా నేను రాస్తుంటి.”

ఆ మాటకు నాయిన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆయన వెళ్లిపోయాక చాలాసేపు ఆ ఉత్తరం ముందే కూర్చున్నాను.

ఆధారాలు ఏమున్నాయని అడిగితే, మరునాడు నాయిన ట్రంకు పెట్టెలోంచి ఒక ఫోటో తెచ్చారు. మంచు మధ్య ఒక షెడ్డు, దాని మీద యూనిట్ బోర్డు, ముందు ఎనిమిది మంది సైనికులు.

“నువ్వెక్కడ ఉన్నావు నాయినా?”

“నేను లేను. గిది కిందికి దిగే బ్యాచ్. ఇండ్లకు పోతున్నరు గదా, పొద్దుగాలనే అందరికి చేసిన. ఫోటో దీసేటప్పుడు నేను లోపట వెంట్రుకలు ఊడుస్తున్న.”

“నువ్వు లేని ఫోటో, నువ్వున్నావని ఎట్లా చెప్తుంది?”

“నేను లేకుంటే ఆళ్లు గిట్ల ఉంటరా? తలలు చూడు ఒక్కపారి.”

నిజమే. ఎనిమిది మందికీ చెవుల దగ్గర ఒకే తీరు కోత, చెంపల మీద ఒకే గీత. అయితే అది ఏ కార్యాలయమూ ఒప్పుకునే ఆధారం కాదు. వాళ్ల పేర్లు చెప్పమన్నాను. పేర్లు గుర్తు లేవన్నారు. ఫోటో చేతిలోకి తీసుకుని ఒక్కొక్కరి మీద వేలు పెట్టసాగారు. “ఈయనకు నెత్తి మీద రెండు సుడులు. ఈయనకు మెడ మీద, వెంట్రుకల కింద, పుట్టుమచ్చ. ఈయనకు చెవి ఎనక మూడు కుట్లు. ఆడ మిషన్ పెట్టనియ్యలే.”

మన పదో తరగతి సర్టిఫికెట్లలో పుట్టుమచ్చలు రాస్తారు కదా. మనిషిని గుర్తుపట్టడానికి ప్రభుత్వమే నమ్మే పద్ధతి అది. సైన్యంలోనూ చేరేటప్పుడు ఒంటి మీది గుర్తులు నమోదు చేస్తారు. కానీ నాయిన చెబుతున్నవి జుట్టు కింద దాగినవి. ఆ తలలను చేతుల్లోకి తీసుకున్న మనిషికి తప్ప ఎవరికీ తెలియనివి. కాగితం తీసుకుని, ఎడమ నుంచి కుడికి, ఆయన చెప్పినదంతా రాశాను. ఎనిమిది మందిలో ఐదుగురి గుర్తులు చెప్పగలిగారు. మిగిలిన ముగ్గురి గురించి ఊహించి చెప్పమంటే ఒప్పుకోలేదు.

మా కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ సూపర్‌వైజరు కోస్తా ప్రాంతపు మాజీ సైనికుడు. రోజూ ఆయన ముందు నుంచే కార్డు చూపించి లోపలికి వెళతాను. ఒక రోజు ఆగి సంగతంతా చెప్పాను. ‘మా నాయిన సైన్యంలో బార్బరు’ అన్నాను. కంపెనీ ఆవరణలో ఆ మాట అనడం అదే మొదటిసారి. ఆయన ఏమీ ప్రత్యేకంగా చూడలేదు. “దానికేముందమ్మా, ఫోటో పంపండి. మా పాతవాళ్ల గ్రూపుల్లో పెడతాను. ఎవడో ఒకడు పలక్కపోడు,” అన్నారు.

పది రోజులకు కర్నూలు వైపు నుంచి షాపుకు ఫోన్ వచ్చింది. గిరాకీలు లేని మధ్యాహ్నం అది, స్పీకరు పెట్టాము.

“ఎవురప్పా మాట్లాడేది? ఆ ఫోటోలో కుడి పక్క నుంచి మూడోవాణ్ని నేను. నువ్వు యాడా కనపడవే.”

“నేను బార్బర్ను సార్. ఆ పొద్దు మీకు కటింగ్ చేసిన.”

“అట్ల ఎవురైనా చెప్తారు. నా తలకాయ మీద ఏముండాదో చెప్పు చూద్దాం.”

నాయిన ఫోటో వైపు చూడలేదు. కళ్లు మూసుకున్నారు. కుడిచేతి వేళ్లు గాలిలో ఒక తలను పక్కకు వంచినట్టు కదిలాయి.

“ఎడమ చెవి ఎనక మూడు కుట్లు సార్. చిన్నప్పుడు మీ అక్క చెంబు ఇసిరిందన్నరు.”

అవతలి గొంతు పెరిగింది.

“ఆ చెంబు సంగతి నా పెండ్లానికి గూడా చెప్పలేదప్పా! చంకలో కత్తెర పెట్టుకుంటాంటివే, నువ్వేనా సామీ? ఇంకా బతికే ఉండావా?”

“ఉన్న సార్, ఉన్న,” అన్నారు నాయిన. ఫోను నా చేతికిచ్చి, శుభ్రంగానే ఉన్న అద్దాన్ని తుడవడం మొదలుపెట్టారు.

కర్నూలు ఆయన నోటరీ ముందు ప్రమాణపత్రం రాయించి పంపారు. రెండో దరఖాస్తు ఒకటిన్నర పేజీకి మించలేదు. మొదటి వాక్యంలోనే నాయిన క్షురకుడని రాశాను. ప్రతి వాక్యాన్నీ తెలుగులో చెప్పి, ఆయన సరేనన్న తర్వాతే సంతకం పెట్టించాను.

ఏడు నెలలకు జవాబు వచ్చింది. ఆ యూనిట్ దగ్గరే ఉండిపోయిన వృత్తిపనివారి జాబితాలో నాయిన నంబరు దొరికిందనీ, ఆ నాలుగు నెలల ఆర్డరును ఇప్పుడు ప్రకటించి రికార్డులో చేర్చారనీ, ఎత్తైన ప్రాంతంలో సేవకు ఇచ్చే పతకానికి ఆయన అర్హులనీ అందులో ఉంది. రెండోది, ఆ మంచు ప్రాంతానికే ప్రత్యేకించిన పతకం. దానికి సరిగ్గా ఆ పోస్టులో ఎన్ని రోజులున్నారో చెప్పగల మరో సాక్షి కావాలన్నారు.

“అంటే, నేను ఆడ ఉన్నట్టేనా?” అని అడిగారు నాయిన.

“ఉన్నట్టే నాయినా. ఇప్పుడు రికార్డులో ఉంది.”

“ఏడుంది? చూపెట్టు.”

ఆ వాక్యం మీద వేలు పెట్టి చూపాను. దాన్ని రెండుసార్లు చదివించుకున్నారు. తర్వాత, రెండో పతకానికి జవాబు ఇప్పుడే రాయమన్నారు. కర్నూలు ఆయన ద్వారా ఫోటోలోని మరొకరి ఆచూకీ తెలిసింది; నెత్తి మీద రెండు సుడులున్న ఆ మనిషి కేరళలో ఉంటారు. ఆయన సాక్ష్యం వచ్చేవరకు గడువు అడుగుతూ నేను ఉత్తరం రాసి, చివర ‘దయతో అనుమతించవలసిందిగా వేడుకొంటున్నాను’ అన్న మాటను తెలుగులో చదివి వినిపించాను.

“వేడుకునుడు ఎందుకు బిడ్డా? ఉన్న దినాలే గద అడుగుతున్నం. గడువు ఇయ్యండి అని రాయి, చాలు.”

ఆ వాక్యం మార్చి, మళ్లీ ప్రింటు తీసి, మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాను. అప్పుడు సంతకం చేశారు. షాపుకు పోతూ దారిలో ఆయనే స్పీడ్ పోస్టులో వేసి వెళ్లారు.