గుండె ఆగి లేచిన నర్సింగం

మా తమ్ముడు నర్సింగం బొగ్గుబాయిలో దిగీ దిగీ ముసలివాడైనవాడు. చీకటికి భయపడే మనిషి కాదు. చచ్చినవాళ్లంతా పైన ఒకచోట కూడి ఉంటారని, పెత్రమాసనాడు మనం పెట్టే బువ్వ వాళ్లకు ముడుతుందని గట్టిగా నమ్మేవాడు. నమ్మకపోతే బతకలేడు మరి. ఒక్కగానొక్క కొడుకు ప్రశాంత్ మొదటి షిఫ్టుకు పోతూ లారీ కింద పడ్డాడు. బండికి తగిలించిన గిన్నెలోని సద్ది రోడ్డు మీద చెల్లాచెదురైంది.

మొన్నటి ఎండాకాలం గోదావరిఖని మార్కెట్లో వంకాయలు ఏరుతూ నర్సింగం కుప్పకూలాడు. దవాఖానకు చేరేసరికి గుండె ఆగింది. డాక్టర్లు రొమ్ము ఒత్తి, కరెంటు పెట్టి మళ్లీ నడిపించారు. ఈలోపల మా వాడకట్టు వాళ్లు డప్పులకు కబురు కూడా పంపారు. మావాళ్లకు ఏడవడానికి తొందరెక్కువ.

ఇంటికి తెచ్చాక పక్క క్వార్టర్ సదానందం కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“అన్నా, ఆడ పైన మా నాయిన కనవడ్డడా?”

“ఏం, బీడీల కట్ట పంపిస్తవా?” అన్నాను నేను. “లే, మనిషిని పండుకోనియ్యి.”

నర్సింగం నవ్వలేదు. సదానందం పోయాక నా చేయి గట్టిగా పట్టుకున్నాడు.

“అక్కా, బాయిల బత్తి ఆరితే చీకటన్న కనవడ్తది. ఆడ చీకటి గూడ లేదే. ఎవ్వలు లేరు. నేనే లేను.”

“మందుల మత్తురా.”

“కాదే. మల్ల గాడికే పోవాలెగదనే?”

ఏం చెప్పను? నాకూ పోయే వయసే. ఆనాటి నుంచి వాడికి నిద్రంటే వణుకు. రెప్ప పడబోతే ఉలిక్కిపడి లేచి, తన రొమ్ము మీద తానే చెయ్యి పెట్టి చూసుకునేవాడు.

వాడి భార్య మల్లవ్వ అడిగింది ఒక్కటే మాట. “పిలగాడు కనవడ్డడా?”

ఆమె మొహం చూసి వీడు నిజం మింగాడు. “కనవడ్డడు. బాయి మీద నిలవడ్డడు, డ్యూటీ బట్టలల్ల. మంచిగున్నడు.” బాయి పనివాడికి అబద్ధంలో కూడా బాయే తోస్తుంది.

“సద్ది తిన్నడా?” అన్నది ఆమె.

వీడు గోడవైపు తిరిగాడు. తిన్నాడని ఒక్క మాట అంటే అయిపోయేది!

షిఫ్టుకు పోయిన కొడుకు ఆకలితో నిలబడ్డాడంటే ఏ తల్లి ఆగుతుంది? మల్లవ్వ షుగరు సూది మానేసింది. కాళ్లు తేలిపోతున్నాయని మంచం ఎక్కితే, వీడు ఫ్రిజ్ తీసి చూశాడు. మందు సీసాలు మూత కూడా విప్పకుండా ఉన్నాయి.

“ఏందే ఇది?”

“పిలగాడు ఒక్కడే నిలవడ్డడంటివి గద. నేను పోయి ఇంత బువ్వ పెడ్త. నిన్ను జూస్కోనీకి అక్క లేదా?”

నా ఒళ్లు జలదరించింది. ఆమె పెళ్లికి పోతున్నట్టు చెబుతోంది! “అరేయ్, నిజం చెప్పురా!” అని అరిచాను. నర్సింగం ఫ్రిజ్ తలుపు మూశాడు, మళ్లీ తీశాడు. ఆమె ముందు అంటే అదే నిజమైపోతుందని వాడి భయం.

“అవద్దం జెప్పిన,” అన్నాడు చివరికి. “ఆడ పిలగాడు లేడు. బాయి లేదు. ఏం లేదే మల్లవ్వా. నువ్వు పోతే ఎవ్వలకు బువ్వ పెట్టవు. ఉట్టిగనే పోతవు.”

మల్లవ్వ మంచం మీద లేచి కూర్చుంది.

“నా కొడుకును మల్లొకపారి సంపితివి గదరా,” అన్నది.

మొగుణ్ణి ‘రా’ అని ఆమె ఎన్నడూ అన్నది లేదు. వాడు తలవంచుకుని సూదిలోకి మందు ఎక్కించబోయాడు. ఆమే లాక్కుని పొడుచుకుంది.

“అయితే నువ్వు పోతే గూడ నాకు దొరకవన్నట్టు.”

“దొరక.”

“మరి జల్ది పోకు.”

వాడు తల ఊపాడు. అంత ఎండాకాలంలోనూ వాడి పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.