హార్మోనియం అడిగిన ప్రశ్న

చనిపోయినవాళ్లు తిరిగొస్తారనీ, శకునాలు నిజమవుతాయనీ నేను ఏనాడూ నమ్మలేదు. ఓడరేవు పక్క గార్డెన్ రీచ్‌లోని మా తెలుగు సంఘంలో ఎవరైనా తాయెత్తు కట్టుకుంటే కూర్చోబెట్టి బైబిలు వాక్యం చూపించేవాణ్ణి నేనే. అందుకే ఈ సంగతి రాయడానికి ఇన్నాళ్లు పట్టింది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం మూడింటికి గుడిలో నా ఏకపాత్ర నాటకం. లోకంలో మొదటిసారి తమ్ముణ్ణి చంపిన అన్న కథ. దేవుడి మాటలు మనిషి నోట పలికించకూడదని మా పెద్దల పట్టు. అందుకని దేవుడు తమ్ముడెక్కడని అడిగే చోట సామ్యేలు మావ హార్మోనియం మీద మూడు స్వరాలు వాయిస్తాడు. నేను "నాకేం తెలుసు? వాడికి నేను కాపలానా?" అంటాను. ఒక్కసారే.

ఆ రోజు నాకు ఓడలు ఆగే డాక్‌లో డ్యూటీ పడింది. నా బదులు తమ్ముడు దానియేలు వెళ్లాడు. ఇక్కడి బెంగాలీల్లా అన్నని దాదా అనేవాడు. గుమ్మంలో చెప్పులేసుకుంటూ నవ్వాడు.

"నాటకంలో సంపీసేది నన్నే, నీ డూటీ సేసేదీ నానేనేటి, దాదా?"

గుడి నిండింది. మూడు స్వరాలు వినబడ్డాయి, జవాబు చెప్పాను. మళ్లీ అవే మూడు స్వరాలు. మావ పొరబడ్డాడనుకున్నాను. జనం ముందు ఆగిపోతే బాగుండదని, అదే జవాబు ఇంకా గట్టిగా చెప్పాను.

మూడోసారి వినబడింది. మావ వైపు చూశాను. ఆయన చేతులు ఒళ్లో ఉన్నాయి.

వేషానికి కట్టిన గోనెగుడ్డతోనే బయటికి పరిగెత్తి డాక్‌కి ఆటో ఎక్కాను.

డాక్‌లో అందరూ టీకొట్టు దగ్గర ఉన్నారు. దానియేలు ఎక్కడని అడిగితే తెలియదన్నారు. మా పని నడుస్తున్న ఓడ అడుగు అరలోకి లైటు వేసి చూశాను. ఇనుప నిచ్చెన కింద పడి ఉన్నాడు. పైకి తీసినప్పుడు ఊపిరి ఉంది. ఆసుపత్రికి చేరేలోపు ఆగిపోయింది.

భూస్థాపన అయ్యాక సామ్యేలు మావ నా చెయ్యి పట్టుకున్నాడు.

"నాను ఒక్కపాలే వాయించినాన్రా. రెండోపాలి నువ్వు ఎవులికి జవాబు సెప్పినావు?"

ముందు వరసలో కూర్చున్నవాళ్లూ అదే అన్నారు. హార్మోనియం ఒక్కసారే విన్నారట. రెండోసారి నా గొంతు మాత్రమే విన్నారట.

అది దేవుని స్వరమేనని పాస్టరుగారు ఓదార్చారు. కాదనే ధైర్యం నాకు లేదు. ఉపవాసముండి ప్రార్థించాను, ఏమీ తెలియలేదు. ఒక్కటి మాత్రం నాకు ఇప్పటికీ అంతుపట్టదు. వాక్యంలో దేవుడు ఆ ప్రశ్న అడిగేసరికి ఆ తమ్ముడు చనిపోయి ఉన్నాడు.

నన్ను అడిగినప్పుడు దానియేలు ఇంకా బతికే ఉన్నాడు.