మాట తెగని నడక

తాడేపల్లిగూడెం స్టేషన్లో రైలు ఆలస్యమన్నారు. పక్కన కూర్చున్న యాభై ఏళ్ల ఆవిడ లేచి, "ఏవండీ, నాతో కాస్త నడుస్తారా? మాట్లాడుతూ నడవాలండి. ఒక్కదాన్నే మాట్లాడుకుంటే పిచ్చిదనుకుంటారు" అన్నారు.

ప్లాట్‌ఫారం మీద నడుస్తూ చెప్పారు. కొల్లేటి పక్క ఊరట. గుండె లయ తప్పే జబ్బు వచ్చాక, అడుగేస్తే ప్రాణం పోతుందన్న భయంతో మంచం దిగలేదట. ఏలూరు ఆసుపత్రిలో ఆ జబ్బు గురించి విడమరిచి చెప్పి, వ్యాయామం నేర్పారట. మాట తెగకుండా నడవగలిగితే ఆ వేగం సరైనదని అక్కడే చెప్పారట.

"మళ్లీ మా చేపల చెరువు గట్టెక్కి మేత వెయ్యాలండి. మా ఆయన వద్దంటారు. ఆయన వేసే తీరుకి చేపలే అలుగుతాయి."

నవ్వుతుండగానే ఆవిడ మాట ఆగింది. చెయ్యి గుండె మీదకు వెళ్లింది. నేను ఎవరినో పిలవబోతే వద్దని సైగ చేసి, బెంచీ మీద కూర్చుని నెమ్మదిగా ఊపిరి తీసుకున్నారు.

"నొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు. సర్దుకుంటుందండి. ఇదివరకైతే దీనికే మళ్లీ మంచమెక్కేదాన్ని."

కాసేపటికి ముఖం తేటపడింది. కొంగు దోపుకుని లేచారు.

"పదండి, ఈసారి ఇంకా మెల్లగా. మీరేదన్నా చెప్పండి, నేను మధ్యలో అడ్డొస్తుంటాను."

రైలొచ్చేదాకా ఆవిడ నన్ను ఒక్క వాక్యమూ పూర్తి చెయ్యనివ్వలేదు.